హావ్‌లాక్‌లో స్కూబా: డైవ్ షాప్‌ని ఎలా ఎంచుకోవాలి, ఏ సైట్‌కి వెళ్లాలి?

కడలి_కాకినాడ:

ఫిబ్రవరి రెండో వారంలో అండమాన్ వెళ్తున్నాం, నేను, తమ్ముడు, అమ్మ. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి, హావ్‌లాక్‌లో నాలుగు, నీల్‌లో ఒకటి, మళ్లీ పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి ఉండి పొద్దున్నే హైదరాబాద్ ఫ్లైట్. నిజం చెప్పాలంటే ఈ ట్రిప్ స్కూబా కోసమే పెట్టుకున్నాం, మిగతా అంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

తమ్ముడికి ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (డైవింగ్‌లో మొదటి స్థాయి) ఉంది. రెండేళ్ల క్రితం మురుడేశ్వర్ వెళ్లి నేత్రాణి దగ్గర చేశాడు, ఆ తర్వాత మళ్లీ నీళ్లలోకి దిగలేదు. నాకు ఇదే మొదటిసారి, ఈత అంతంతమాత్రం, లోతు తక్కువ ఉన్న పూల్‌లో అయితే ధైర్యంగానే ఉంటాను. అమ్మకి 58 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటుంది, ఆవిడకి డైవింగ్ ఏమీ వద్దు కానీ చేపల్ని నీళ్లలోనే చూడాలని చాలా కోరిక.

ఇప్పుడు అసలు సమస్య. హావ్‌లాక్‌లో ఎన్ని షాపులు వెతికినా అన్నిటికీ దాదాపు అయిదు నక్షత్రాలే, అన్నిటి కిందా "అద్భుతం, ఫోటోలు సూపర్" అనే మాటలే. మా ట్రావెల్ ఏజెంట్ ట్రై డైవ్ (సర్టిఫికెట్ లేనివాళ్లు పక్కన మనిషి ఉండగా చేసే డైవ్) 3,500కి ఇప్పిస్తాను, ఫోటోలు వీడియో ఫ్రీ, పగడాలు గ్యారంటీ అంటున్నాడు. నేను నేరుగా అడిగిన ఒక షాపు 6,000 దాటి చెప్పింది, తేడా ఎందుకో నాకు అర్థం కాలేదు. తమ్ముడేమో వీడియోలు చూసి జానీస్ గార్జ్, డిక్సన్స్ పినాకిల్ అనే డైవ్ సైట్లే కావాలని పట్టుబట్టి కూర్చున్నాడు. ఒక షాపు వాళ్లు "రండి సార్, తీసుకెళ్తాం, ఏం సమస్య లేదు" అన్నారు. ఇంకొకళ్లు మాత్రం లాగ్‌బుక్ (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) ఫోటో పంపమని, ముందు ఒక రిఫ్రెషర్ చేశాక చూద్దామని అన్నారు, దాంతో వీడికి కోపం వచ్చింది, నన్ను నమ్మట్లేదు అంటాడు.

ఏ షాపు మంచిదో ఇక్కడినుంచే ఎలా తెలుసుకోవాలి? మా ముగ్గురికీ ఏ సైట్లు సరిపోతాయి? హావ్‌లాక్ బదులు నీల్‌లో చేయడం మంచిదా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

నీలిబుడగ:

హావ్‌లాక్‌లో కొన్ని సీజన్లు డైవ్‌మాస్టర్‌గా, అంటే డైవర్లని నీళ్లలో నడిపించే గైడ్‌గా పనిచేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను, ఏ షాపుతోనూ సంబంధం లేదు కాబట్టి పేర్లు చెప్పను, ఎలా చూసుకోవాలో చెప్తాను.

ముందు మీ తమ్ముడి సంగతి. లాగ్‌బుక్ అడిగిన షాపుకే వెళ్లండి. ఆ ఒక్క ప్రశ్నతో వాళ్ల పద్ధతి మీకు తెలిసిపోయింది. ఓపెన్ వాటర్ కార్డు ఉన్నవాళ్లకి లోతు హద్దు 18 మీటర్లు. జానీస్ గార్జ్, డిక్సన్స్ రెండిట్లోనూ చూడాల్సింది చాలావరకు దానికి కిందే ఉంటుంది, 25 నుంచి 30 మీటర్ల దాకా వెళ్తేగానీ ఆ వీడియోల్లో కనిపించేదంతా కనిపించదు. పైగా రెండూ ఒడ్డుకి దూరంగా, నడి సముద్రంలో ఉన్న రాళ్లు, నీటి లాగుడు ఉన్న రోజున తాడు పట్టుకుని దిగాలి, ఎక్కాలి. రెండేళ్లుగా రెగ్యులేటర్ (సిలిండర్ గాలి పీల్చుకునే పరికరం) నోట్లో పెట్టుకోని మనిషిని కార్డు కూడా చూడకుండా "రండి సార్" అని పిలిచే షాపు, రేపు గాలి తిరిగినా, మీ వాడికి చెవి పట్టేసినా ఎలా ప్రవర్తిస్తుందో మీరే ఊహించుకోండి.

అలాగని వాడు ఆ సైట్లు చూడకుండా రావాల్సిన పని లేదు. దారి ఉంది. మొదటి రోజు పొద్దున లైట్‌హౌస్ అనే సైట్ లాంటి లోతు తక్కువ చోట రిఫ్రెషర్: మాస్క్‌లో నీళ్లు తీయడం, రెగ్యులేటర్ వదిలి మళ్లీ అందుకోవడం, తేలకుండా మునగకుండా నిలబడటం. అది బాగా వస్తే అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరమనండి. అయిదు డైవ్‌లు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, అందులో డీప్ డైవ్ తప్పనిసరి, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా 30 మీటర్ల దాకా వెళ్లొచ్చు. విడివిడిగా ఫన్ డైవ్‌లకి (కోర్సు లేకుండా సరదాకి చేసేవి) పెట్టే డబ్బుకి కొంచెం కలిపితే కోర్సే వస్తుంది, నేర్చుకున్నది వాడి దగ్గరే ఉంటుంది. సముద్రం ఒప్పుకుంటే ఆ డీప్ డైవ్ డిక్సన్స్‌లోనే చేయించొచ్చు. ఒప్పుకోకపోతే జెట్టీకి దగ్గరలోనే "వాల్" అని ఒక సైట్ ఉంది, పది మీటర్ల చిల్లర దగ్గర మొదలై బాగా లోతుకి దిగిపోయే గోడ, దాన్ని తక్కువ చేసి చూడొద్దు.

షాపు విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటే. మీరు సైట్‌ని కొనుక్కోవడానికి వెళ్లడం లేదు, మిమ్మల్ని కిందకి తీసుకెళ్లి తిరిగి పైకి తెచ్చే మనిషిని ఎంచుకోవడానికి వెళ్తున్నారు. ఏ రోజు ఏ సైట్ అన్నది ఆ రోజు పొద్దున సముద్రం చూసి వాళ్లు చెప్పాలి. నెల ముందే ఫలానా తారీఖున ఫలానా సైట్ ఖాయం అని డబ్బు కట్టించుకునేవాళ్లు సముద్రాన్ని చూడకుండానే మాట ఇస్తున్నారు.

కాబట్టి ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి, మొహమాటపడొద్దు. నన్ను కిందకి తీసుకెళ్లేది ఎవరు, ఇన్‌స్ట్రక్టరా డైవ్‌మాస్టరా, ఒకరితో ఎంతమంది దిగుతారు? మీలాంటి మొదటిసారి వాళ్లకి హావ్‌లాక్‌లో మంచి షాపులు ఒకరికి ఒకరిని ఇస్తాయి, ఆ మనిషి మీ వెనకే ట్యాంక్ పట్టుకుని ఉంటాడు. ఇన్‌స్ట్రక్టర్ పాడీ (డైవింగ్ సర్టిఫికెట్లు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) వాళ్లయితే నంబర్ అడిగి పాడీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే ఆ షాపు వద్దు. ఫోటోలు తీసేది మిమ్మల్ని పట్టుకున్న మనిషేనా, వేరే మనిషా? ఇది చాలామంది అడగరు. రెండు పనులూ ఒకడే చేస్తుంటే వాడి కళ్లు కెమెరా తెర మీద ఉంటాయి, మీ చెవి నొప్పి సైగ వాడికి ఆలస్యంగా కనిపిస్తుంది.

బోటులో ఆక్సిజన్ కిట్ ఉంటుందా, అందరూ నీళ్లలో ఉన్నప్పుడు బోటు మీద ఎవరుంటారు, ఏదైనా అయితే ప్రెషర్ ఛాంబర్ (డైవింగ్ వల్ల జబ్బు చేసినవాళ్లకి ఒత్తిడి పెంచి వైద్యం చేసే గది) ఎక్కడ, అక్కడికి ఎలా చేరుస్తారు? ఈ చివరి ప్రశ్నకి మంచి షాపు వాళ్ల దగ్గర సమాధానం నోటిమీదే ఉంటుంది, వెతుక్కోరు. వాతావరణం బాలేక డైవ్ రద్దయితే డబ్బు వాపసా, వేరే రోజుకి మారుస్తారా అన్నది కూడా ముందే తేల్చుకోండి. రద్దు చేస్తే తామే నష్టపోయేలా రూల్ పెట్టుకున్న షాపుకి ఆ రోజు మిమ్మల్ని ఎలాగైనా దింపాలన్న ఒత్తిడి ఉంటుంది, వాయిదా సులువుగా ఇచ్చే షాపుకి ఆ ఒత్తిడి ఉండదు.

ఇక రివ్యూలు. నక్షత్రాల లెక్క వదిలేయండి. హావ్‌లాక్‌లో ఇన్‌స్ట్రక్టర్లు సీజన్ సీజన్‌కీ మారిపోతుంటారు, మూడేళ్ల కిందటి పొగడ్త ఇప్పుడు అక్కడ లేని మనిషి గురించి అయ్యుండొచ్చు. ఈ సీజన్‌వి మాత్రమే చదవండి. అందులోనూ "చెవి నొప్పి వచ్చింది, నన్ను ఆపి పైకి తెచ్చారు", "గాలి ఎక్కువని రద్దు చేశారు, డబ్బు ఇచ్చేశారు" లాంటివి వెతకండి. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లకి షాపు ఏం జవాబు రాసిందో చూడండి, కోపంగా కొట్లాడారా, జరిగింది చెప్పారా అన్నది చాలా తెలియజేస్తుంది.

3,500కీ 6,000కీ తేడా ఎందుకంటే చాలావరకు ఇక్కడే: గుంపులో ఎంతమంది, నీళ్లలో ఎంతసేపు, ఒడ్డు నుంచా బోటు నుంచా, మధ్యలో ఏజెంట్ వాటా ఎంత. చవకది అయినంత మాత్రాన చెడ్డది కాదు. కానీ ఏజెంట్ ద్వారా వెళ్తే ఏ షాపుకి పంపుతాడో అక్కడికి వెళ్లేదాకా తెలియదు, నాకు నచ్చనిది అది. షాపు పేరు ముందే చెప్పమనండి, చెప్పకపోతే నేరుగా బుక్ చేసుకోండి. "పగడాలు గ్యారంటీ" అన్న మాట మాత్రం అస్సలు పట్టించుకోవద్దు.

పగడాల గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అక్కడికి వెళ్లి నిరాశపడతారు. 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి, 2016లో మళ్లీ దెబ్బ తగిలింది. ఒడ్డుకి దగ్గరగా, లోతు తక్కువ ఉన్నచోట కొమ్మల్లాంటి పగడాలు విరిగి ముక్కలై పడి ఉన్న ప్రాంతాలు చాలా చూస్తారు. మధ్య మధ్య కొత్తవి మొలుస్తున్నాయి, గుండ్రటి బండ పగడాలు చాలాచోట్ల బాగున్నాయి, చేపలకి మాత్రం లోటు లేదు. ఇంకోటి, ఎరుపు రంగు నీళ్లలో కొన్ని మీటర్లకే మాయమైపోతుంది, కంటికి అంతా నీలంగా పచ్చగా కనిపిస్తుంది. బ్రోచర్‌లో కనిపించే ఎర్రటి పగడాలు లైటు వేసి తీసినవి. ఇది తెలిసి దిగితే ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి ఆనందించగలుగుతారు.

మీ ట్రై డైవ్‌కి నీమో రీఫ్ అంటారు, ఒడ్డు నుంచి నడుచుకుంటూ దిగొచ్చు, నడుము లోతులో నిలబడి ఊపిరి తీయడం అలవాటు చేసుకున్నాకే లోపలికి వెళ్తారు. భయం ఉన్నవాళ్లకి ఇది హాయి. కానీ పొద్దెక్కేకొద్దీ గుంపులు పెరిగి ఇసుక లేచిపోతుంది, ఏమీ కనపడదు. మొదటి బ్యాచ్ అడగండి, ఆరున్నరకి రమ్మన్నా సరే వెళ్లండి. బోటులో తిరిగితే పడుతుంది అనుకుంటే లైట్‌హౌస్ లేదా అక్వేరియం అనే సైట్ అడగండి, నీళ్లు తేటగా ఉంటాయి. ట్రై డైవ్‌లో ఎక్కడైనా 12 మీటర్లే గరిష్ఠం, మిమ్మల్ని అంత లోతుకి కూడా తీసుకెళ్లక్కర్లేదు, ఆరేడు మీటర్లలోనే చేపలన్నీ ఉంటాయి.

ఒడ్డున_ఒకడు:

పైన చెప్పినదంతా బాగుంది. ఒక్క విషయంలో నేను వేరేగా చెప్తాను. నాలుగు రాత్రులు ఉన్నప్పుడు ట్రై డైవ్ ఎందుకండి, మీరు కూడా ఓపెన్ వాటర్ కోర్సే చేసేయండి. ట్రై డైవ్‌లో మిమ్మల్ని వెనక నుంచి పట్టుకుని నడిపిస్తారు, మీరు చేసేది ఊపిరి తీయడమే. కోర్సు అయితే మూడు నాలుగు రోజులు, థియరీ ఇంట్లోనే ఆన్‌లైన్‌లో ముగించుకుని వెళ్తే అక్కడ సమయం మిగులుతుంది. హైదరాబాద్, బెంగళూరులో పూల్ సెషన్లు పూర్తిచేసి సముద్రం డైవ్‌లు మాత్రం అక్కడ చేసే పద్ధతి కూడా ఉంది, రెఫరల్ అంటారు. ఈత గురించి మాత్రం చూసుకోండి, ఆపకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, ఫిన్స్ (కాళ్లకి తొడిగే రెక్కలు), స్నార్కెల్ (పైగాలి పీల్చుకునే గొట్టం) పెట్టుకుని 300 మీటర్లు, పది నిమిషాలు తేలుతూ ఉండాలి. వేగం చూడరు, ఆగకుండా చేస్తే చాలు. ఇప్పటినుంచి మొదలుపెడితే ఫిబ్రవరికి వస్తుంది.

నీల్ సంగతి అడిగారు. నాకు నీల్ ఎక్కువ ఇష్టం. షాపులు తక్కువ, బోట్లు తక్కువ, ఒక సైట్‌లో దిగితే పక్కన ఇంకో ఇరవైమంది ఉండరు. జంక్షన్, బస్ స్టాప్, మార్గరీటాస్ మిస్‌చీఫ్ లాంటి సైట్లు ఉన్నాయి. మీ వాడు అక్కడే అడ్వాన్స్‌డ్ చేసినా బాగుంటుంది. దుగాంగ్ (సముద్రపు ఆవు అంటారు) అండమాన్ రాష్ట్ర జంతువు, నీల్ చుట్టుపక్కల సముద్రగడ్డి మేస్తూ అదృష్టం ఉన్నవాళ్లకి కనిపిస్తుంటుంది. దాన్ని చూపిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, కనిపిస్తే దూరం నుంచే చూడండి.

నీలిబుడగ:

కోర్సు మంచిదే, కాదనను. కానీ కోర్సు అంటే రోజూ పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా పోతుంది, సాయంత్రానికి ఒళ్లు అలిసిపోతుంది. కూడా అమ్మ ఉన్నారు, ఇద్దరు పిల్లలూ మూడు రోజులు నీళ్లలోనే ఉంటే ఆవిడ ఒక్కరే రిసార్ట్‌లో కూర్చోవాలి. మొదట ట్రై డైవ్ చేసి, నచ్చితే ఇంకోసారి కోర్సు కోసం ప్రత్యేకంగా వెళ్లడం మేలని నా ఉద్దేశం. ట్రై డైవ్ కూడా ఏమీ నేర్పకుండా లాక్కెళ్లేది కాకూడదు. నిలబడే లోతులో మాస్క్‌లోకి నీళ్లొస్తే తీయడం, రెగ్యులేటర్ తీసి పెట్టుకోవడం, చెవులు సరిచేసుకోవడం మీ చేత చేయించాకే లోపలికి తీసుకెళ్లాలి. అవి చేయించకుండా అయిదు నిమిషాల్లో దింపేస్తే మీరే ఆపండి.

విశాఖ_చెవిముక్కు:

నేను ఈఎన్‌టీ డాక్టర్‌ని, డైవింగ్ కూడా చేస్తాను. ఎవరూ ఎత్తని విషయం కాబట్టి రాస్తున్నాను.

మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది. అంటే చెవికి ఎక్కువ కష్టం లోతులో కాదు, పైనున్న మొదటి కొన్ని మీటర్లలో. అందుకే ట్రై డైవ్ లోతు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సరిచేసుకోవడం నొప్పి మొదలవ్వకముందే, దిగుతున్నంతసేపూ చేస్తూ ఉండాలి. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది. నొప్పి వస్తే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి, రాకపోతే ఆ రోజుకి డైవ్ అక్కడితో ఆపాలి. తొందరపెట్టని ఇన్‌స్ట్రక్టర్ కావాలని పైన రాసింది ఇందుకే.

జలుబు ఉంటే దిగొద్దు. ముక్కు దిబ్బడ మాత్ర వేసుకుని దిగేవాళ్లు చాలామంది ఉన్నారు, కింద ఉండగా దాని ప్రభావం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి బయటకి రాక ఇంకా పెద్ద ఇబ్బంది అవుతుంది. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బు, చెవి లేదా ఊపిరితిత్తుల ఆపరేషన్, ఈమధ్య జరిగిన ఏ సర్జరీ అయినా ఉంటే ఇక్కడే డాక్టర్‌కి చూపించుకుని కాగితం రాయించుకు వెళ్లండి. గర్భంతో ఉన్నవాళ్లు అసలు చేయకూడదు. షాపులో ఇచ్చే మెడికల్ ఫారంలో నిజమే రాయండి. "అన్నిటికీ లేదు అని టిక్ పెట్టేయండి మేడం" అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి, అడ్వాన్స్ పోయినా పర్వాలేదు.

మీ అమ్మగారి విషయం: స్నార్కెలింగ్ కూడా శ్రమే. బీపీ అదుపులో ఉందో లేదో వెళ్లేముందు ఒకసారి చూపించండి, మాత్ర ఏ పూటా మానొద్దు. లైఫ్ జాకెట్ వేసుకుని, నీళ్లలో తేలే గాలి ట్యూబ్‌ని పక్కన మనిషి పట్టుకుని లాగుతుండగా, అలలు లేని పొద్దుటి పూట కొద్దిసేపు అయితే చాలామంది ఆ వయసువాళ్లు హాయిగా చేస్తారు. ఆయాసం అనిపించగానే తల పైకెత్తి చెయ్యి ఊపాలని ముందే చెప్పి పెట్టండి.

ఫ్లైట్ గురించి తమ్ముడికి గట్టిగా చెప్పండి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ డైవ్‌లు చేసినా వరసగా రోజులు చేసినా కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. మీ ప్లాన్‌లో హావ్‌లాక్ తర్వాత నీల్, తర్వాత పోర్ట్ బ్లెయిర్ కాబట్టి సరిపోతుంది. నీల్ నుంచి బయల్దేరే రోజు మాత్రం డైవ్ పెట్టుకోవద్దు.

జంగ్లీఘాట్_వాసి:

మాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టి పెరిగాను. మా పెద్దవాళ్లు చేపల వేట చేసేవాళ్లు, వాళ్లు చెప్పే లెక్క ఒకటి మీకూ పనికొస్తుంది. క్యాలెండర్ తీసి అమావాస్య, పౌర్ణమి ఎప్పుడో చూడండి. ఆ రోజులకి అటూ ఇటూ పోటూ పాటూ పెద్దవిగా ఉంటాయి, నీటి లాగుడు ఎక్కువ. అష్టమి దగ్గర్లో తక్కువ. తమ్ముడి లోతు డైవ్‌లు అష్టమి చుట్టూ పడేలా చూసుకుంటే సుఖం. హావ్‌లాక్ తూర్పు ఒడ్డున, అంటే మూడో నంబరు, అయిదో నంబరు బీచ్‌ల వైపు, పాటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి పోతాయి, డుంగీలు (చిన్న బోట్లు) ఒడ్డు దాకా రాలేవు. అందుకే షాపు వాళ్లు ఒకరోజు ఆరింటికి, ఒకరోజు తొమ్మిదింటికి రమ్మంటారు. టైం మారుస్తున్నారని విసుక్కోకండి, నీటిని బట్టి చెప్తారు.

ఫిబ్రవరి మంచి సమయం. నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో తుఫాను పడితే ఫెర్రీలే ఆగిపోతాయి, మే మూడో వారం దాటితే వానలు మొదలు. ఫిబ్రవరిలో సముద్రం చాలావరకు నెమ్మదిగా ఉంటుంది. అయినా డైవ్‌లని హావ్‌లాక్‌లో మొదటి రెండు రోజుల్లోనే పెట్టుకోండి, రద్దయితే మిగతా రోజులు చేతిలో ఉంటాయి. చివరి రోజుకి దాచుకున్నవాళ్లు చేయకుండానే వెనక్కి వెళ్లడం మేం చూస్తూనే ఉంటాం.

టికెట్ల మీద హావ్‌లాక్ బదులు స్వరాజ్ ద్వీప్ అని, నీల్ బదులు షహీద్ ద్వీప్ అని, పోర్ట్ బ్లెయిర్ బదులు శ్రీ విజయపురం అని ఉంటే కంగారు పడకండి. 2018లో దీవుల పేర్లు, 2024లో ఊరి పేరు మార్చారు. మనుషులు ఇంకా పాత పేర్లే వాడతారు. జానీ, డిక్సన్ అన్నవి కూడా ఇక్కడివాళ్ల పేర్లే, బర్మా నుంచి వచ్చి మధ్య అండమాన్‌లో స్థిరపడ్డ కరెన్ తెగ కుర్రాళ్లవి. ఆ రాళ్లని వెతికి పట్టుకున్నది వాళ్లే. వాళ్ల గురించి బోటువాళ్లని అడగండి, ఇష్టంగా చెప్తారు.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు ఎక్కడైనా వినపడుతుంది కానీ హావ్‌లాక్‌లో ఎక్కువ బెంగాలీ, హిందీ. మీకు హిందీ, ఇంగ్లిష్ కంటే తెలుగులో చెప్తే బాగా బుర్రకెక్కుతుంది అనుకుంటే షాపుకి ముందే ఫోన్ చేసి తెలుగు వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా అని అడగండి, ఒక్కోసారి ఉంటారు. బొటనవేలు పైకెత్తితే నీళ్లలో "బాగుంది" అని కాదు, "పైకి వెళ్దాం" అని. ఇది తెలియక ఎంతోమంది సంతోషంగా బొటనవేలు చూపించి డైవ్ మధ్యలోనే పైకి వచ్చేస్తారు.

పగడం ముక్క, గవ్వ ఏదీ సంచిలో పెట్టుకోవద్దు, ఒడ్డున దొరికిందైనా సరే. వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, ఎయిర్‌పోర్ట్‌లో సామాను చూస్తారు. మొసళ్ల బోర్డు ఉన్నచోట ఎవరు దిగుతున్నా మీరు దిగొద్దు.

కడలి_కాకినాడ:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. తమ్ముడికి మొత్తం చదివించాను. లాగ్‌బుక్ అడిగిన షాపుకే వాడే ఫోన్ చేశాడు, మొదటి రోజు రిఫ్రెషర్, తర్వాత అడ్వాన్స్‌డ్. డీప్ డైవ్ ఎక్కడ అన్నది అక్కడికి వెళ్లాక చూద్దామని వాళ్లు అన్నారు, ఈసారి వీడు కోపగించుకోలేదు. నా ట్రై డైవ్ కూడా అక్కడే, మొదటి బ్యాచ్. ఫోటోలు తీసే మనిషి వేరు అని చెప్పారు. అమ్మని సోమవారం డాక్టర్ దగ్గరకి తీసుకెళ్తున్నాను.

ఇంకో రెండు సందేహాలు. నాకు కళ్లజోడు ఉంది, మైనస్ మూడున్నర, లేకపోతే చేప కూడా మసగ్గానే కనిపిస్తుంది. ఏం చేయాలి? షాపులో ఇచ్చే సామాను బాగుందో లేదో మాలాంటివాళ్లం ఎలా చూసుకోవాలి?

నీలిబుడగ:

కళ్లజోడుకి రెండు దారులు. పవర్ ఉన్న మాస్క్‌లు కొన్ని షాపుల్లో ఉంటాయి, మీ నంబరు చెప్పి ముందే పక్కన పెట్టించుకోండి, సరిగ్గా అదే నంబరు లేకపోయినా దగ్గరిది చాలు, నీళ్లలో వస్తువులు ఎలాగూ కొంచెం పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. లేదంటే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవచ్చు, కానీ మాస్క్ తీసే అభ్యాసం చేసేటప్పుడు కళ్లు మూసుకోవాలి, ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పాలి. మాస్క్ సరిపోయిందో లేదో చూడాలంటే పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి, చేతులు తీసినా పడిపోకుండా ఉంటే సరిపోయినట్టు. జుట్టు ఒక్క వెంట్రుక లోపలికి వచ్చినా నీళ్లు కారతాయి.

సామాను విషయంలో మీరు చూడగలిగినవి ఉన్నాయి. బీసీడీలో (తేలడానికీ మునగడానికీ గాలి నింపే జాకెట్) గాలి నింపి పక్కన పెట్టి కొద్దిసేపాగి చూడండి, మెత్తబడితే కారుతున్నట్టు. రెగ్యులేటర్ మౌత్‌పీస్ పళ్ల దగ్గర తెగి ఉండకూడదు. ఒడ్డునే నోట్లో పెట్టుకుని ప్రెషర్ గేజ్ చూస్తూ నాలుగుసార్లు గట్టిగా పీల్చండి. ముల్లు కదలకుండా ఉండాలి, ప్రతిసారీ కిందకి దిగి మళ్లీ లేస్తుంటే సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదని, వెంటనే చెప్పండి. నిండు సిలిండర్ 200 బార్ దగ్గర చూపించాలి. ఆ గాలికి ఏ వాసనా, ఏ రుచీ ఉండకూడదు. నూనె వాసన కానీ, పొగ వాసన కానీ వస్తే ఆ సిలిండర్ పక్కన పెట్టించి ఇంకోటి అడగండి, అదే వాసన వస్తే ఆ రోజు దిగొద్దు, సిలిండర్లు నింపే కంప్రెసర్‌లోనే తేడా ఉన్నట్టు. సిలిండర్ భుజం మీద టెస్ట్ చేసిన తేదీ చెక్కి ఉంటుంది, అది ఎప్పటిదో అడిగితే చెప్తారు.

తమ్ముడికి డైవ్ కంప్యూటర్ (లోతూ, సమయమూ లెక్కపెట్టే చేతి పరికరం) వేరే ఇస్తారా, ఇన్‌స్ట్రక్టర్ చేతికి ఉన్నదాంతోనే సరిపెడతారా అని కూడా కనుక్కోమనండి. 30 మీటర్లకి దిగేటప్పుడు ఎవరిది వాళ్లకి ఉండాలి. అద్దె విడిగా తీసుకున్నా ఇచ్చేయండి.